ఒక్క అతుకు

1985 సెప్టెంబరు 1, ఆదివారం. పెనుకొండ

బావమరిది బెంగళూరు నుంచి తెచ్చిన ఇంగ్లీషు ఆట. నేను కథ చెబుతాను, మిగతావాళ్లు అందులో మనుషులై పాచికలు వేస్తారు. రూలు మీద తగువొస్తే తీర్పు నాదే. హిందూపురం హజరత్‌వలి మా కత్తివీరుడు. ధర్మవరం ముత్యాలప్ప, మగ్గం మనిషి, మా మంత్రగాడు. ఇద్దరూ రైలెక్కి నా గదికి వస్తారు. వాళ్లు తప్ప ఈ ఊళ్లో నాకు వేరే కాలక్షేపం లేదు.

గట్టి నిర్ణయం! ఇకమీద తీర్పు మార్చను. మరమ్మతు మంత్రానికి తెలుగులో నేనే రూలు రాశాను: "విరిగినదానికి, తెగినదానికి ఒక్క అతుకు వేస్తుంది." ఎంత స్పష్టంగా రాశాను!

8, ఆదివారం

ఉదయం: ఆటలో వీరుడి చెప్పు పట్టీ తెగింది. ఒక అతుకు. సరే!

సాయంత్రం: నాలుగు ముక్కలైన కుండ. కుదరదన్నాను. ముత్యాలప్ప మొహం ముడుచుకున్నాడు. పాపం, అంత దూరం నుంచి వచ్చాడు. ఒప్పుకున్నాను. ఇది తీర్పు మార్చడం కాదు, మర్యాద.

15, ఆదివారం

తాళ్ల వంతెన తెగింది! వీరుడు లోయలో తాడు పట్టుకుని వేలాడుతున్నాడు.

"అతుకు మంత్రం ఏస్తాండా," అన్నాడు ముత్యాలప్ప.

"నూరు తాళ్లుండాయప్పా. నూరు అతుకులైతాయి," అన్నాను.

"ఏమప్పా, అన్నీ కలిపి ఒకటే అతుకు గదా!"

కుదరదని బల్ల గుద్దాను. వీరుడు లోయలో పడి చచ్చాడు. ఇద్దరూ టీ తాగకుండా లేచిపోయారు. నిర్ణయం నిలబడింది! మూడు టీలూ నేనే తాగాను.

22, ఆదివారం

స్టేషన్‌కు వెళ్లి రెండు వైపుల బండ్లూ చూశాను. ఎవరూ దిగలేదు. ఒక్కణ్ణే ఇరవై ముఖాల పాచిక వేశాను. ఇరవై పడింది! ఎవరికి చెప్పుకోను? ఏడుపొచ్చింది.

24, మంగళవారం. ధర్మవరం

సెలవు పెట్టి ముత్యాలప్ప ఇంటికి వచ్చాను. అతని భార్య ఎల్లమ్మ మగ్గం దగ్గర కూర్చుని, పాత పోగుల కొసలకు కొత్త పోగులు మెలిపెట్టి కలుపుతోంది. వేల పోగులు.

"ఏం చేస్తాండావమ్మా?"

"అతుకు ఏస్తాండా జయరామన్నా."

"ఎన్ని అతుకులు?"

"ఎన్నేంది? ఒకటే. పొద్దున మొదలుపెట్టినా, ఇంకా కాలేదు."

ముత్యాలప్ప నా వైపు చూసి పగలబడి నవ్వాడు. నేను రాసిన తెలుగు నా మెడకే చుట్టుకుంది. తీర్పు మార్చాను. వీరుడు చావలేదు. పరువు కోసం ఒక మెలిక పెట్టాను: వంతెన అతకడానికి పొద్దుగూకేదాకా పడుతుంది.

29, ఆదివారం. పెనుకొండ

ఇద్దరూ వచ్చారు!

"అంతసేపు నేను ఆడ్నే యాలాడాల్నా? చెయ్యి ఇరుగుతాదప్పా!" అన్నాడు హజరత్‌వలి.

పాచిక వేయించాను. నిజంగానే వీరుడి చెయ్యి విరిగింది.

ముత్యాలప్ప తడుముకోలేదు. "ఇరిగిన ఎముక అతుక్కుంటాది అంటామా, అనమా?"

టీ తాగి ఆలోచించాను. ఎముక అతికింది.

గట్టి నిర్ణయం! వచ్చే ఆదివారం నుంచి తీర్పు మార్చనే మార్చను. ఇద్దరూ వస్తామన్నారు.