పులిసిన పూర్ణం

శనివారం, రాత్రి

ఫోన్‌లో చూసి, పుల్లగా ఉండే మేకపాల చీజ్ ఉండల్ని జారు పిండిలో ముంచి, బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించాను. భోజనానికి ముందు తినే స్టార్టరట. ఎర్రగా, గుండ్రంగా బాగానే వచ్చాయి. ముందు అమ్మకు రెండు పెట్టాను.

అమ్మ బొటనవేలితో ఒకదానికి చిల్లి పెట్టి, "నెయ్యేదే?" అంది. పూర్ణం బూరెలనుకుంది. ఊళ్లో ఎన్నో పెళ్లిళ్లకు బూరెలు వండిన చెయ్యి! కాదని చెప్పబుద్ధి కాలేదు. చిల్లి నిండా నెయ్యి పోశాను.

ఒక్క ముక్క కొరికి, నమలడం ఆపేసింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి నాతో అంది:

"పూర్ణం పులిసిపోయిందండి. మా అమ్మాయితో మాత్రం అనకండి. ఇందాకటి నుంచీ పొయ్యి దగ్గరే నిలబడింది పాపం, బాధపడుతుంది."

మతిమరుపు పెరుగుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. నన్ను కూడా మరిచిపోతుందని మాత్రం నేననుకోలేదు. పొద్దున్న "ఒసే" అనే పిలిచింది, ఇందాక కూడా "నెయ్యేదే" అనే అడిగింది. రేపు ఏమని పిలుస్తుందో...

పులుపుకి మొహం చిట్లిస్తూనే రెండూ తినేసింది, వాళ్లమ్మాయి చూస్తుందేమోనని.

"చెప్పనండి" అన్నాను.