చెల్లి ఇల్లు మోస్తారట

బుధవారం, పజుండౌంగ్ పేట

సాయంత్రం జావాలోని పల్లె నుంచి చెల్లి మేరీ ఫోన్ చేసింది. మరిది పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే ఆ పల్లెలో మరిది అన్నగారు పొలంతో పాటు ఇంటి స్థలమూ తనదేనన్నాడట. కర్ర ఇల్లు మాత్రం దానిదే, తీసుకుపొమ్మన్నాడట.

"ఇల్లెలా తీసుకుపోతావే?" అన్నాను.

"ఊరోళ్లంతా వొచ్చి, కింద బొంగులేసి ఎత్తేత్తారక్కా. ఇక్కడ అలవాటే. నేను అన్నం వొండి పెడితే సాలు. పక్కింటి ముసలామె తన కూరమడిలో ఓ మూల ఇత్తానంది."

"ఆవిడ పోతే?"

"ఏటుంది, మళ్లీ మోత్తారు."

దాని గొంతులో బెంగ లేదు. అదే నాకు నచ్చలేదు. అన్నీ వదిలేసి నా దగ్గరికి వచ్చెయ్యమని కసిరాను. నవ్వి పెట్టేసింది.

అప్పటి నుంచి కుదురు లేదు. గదిలో ఇటూ అటూ తిరుగుతున్నాను. ఇంటావిడ డా మ్యా నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్న సంగతి దానికి చెప్పనేలేదు. ఇన్నేళ్లుగా ఈ మేడలో ఉంటున్నాను. బీరువా మెట్లు దింపడానికి సాయం అడగాలంటే ఏ తలుపు తట్టాలో...