గేటు కాడ ఆగిన నీ లారీ

నా పేరు పైడమ్మ. వయసు అరవై దాటింది. చోడవరంలో నేనూ నీ పెళ్లామూ ఉంటన్నాం. ఒరే అప్పన్నా, నా కొడకా, నువ్వు సదవలేవని తెలిసే ఇది రాయిస్తన్నాను.

బ్రేకు పట్టడం లేదని నువ్వు సెప్తే, "చెక్క ఉంది కదరా" అన్నాడు మీ లారీల సావుకారు. లారీ ఆగకపోతే క్లీనరు దూకి చక్రం కింద పెట్టే చెక్క. శుక్రవారం శుక్రవారం లారీలకి నిమ్మకాయలు కట్టించేడు గాని బ్రేకులు ఒక్కసారీ సూపించలేదు. చెరుకు లోడుతో చీడికాడ నించి వస్తన్న నిన్ను ఆ చెక్క ఆపలేదు.

నువ్వు పోయిన కాడ్నించి రోజూ పొద్దున్నే సావుకారు లారీల షెడ్డు గేటులో పీటేసుకుని కూసుంటన్నాను. ప్రతీ లారీ నా ముందుకొచ్చి ఆగాలి. ఆగితేనే లెగుస్తాను. నిద్దర్లేక కళ్లు ఎర్రగా ఉన్న డ్రైవర్ని దింపి పడుకోబెడతన్నాను.

"తొక్కేస్తాది, లెగవే ముసలమ్మా" అని సావుకారు అరిసేడు.

"తొక్కితే నీ లారీకి బ్రేకు లేదని ఊరందరికీ తెలుస్తాది బాబూ" అన్నాను. మర్నాడే బ్రేకులు సూడ్డానికి మేస్త్రీని పెట్టేడు.

ఇయ్యాల నీ లారీ బాగుపడి వచ్చింది. నీతో పాటు లారీలు తోలిన డ్రైవరు సన్నాసే తోలేడు. నా మోకాళ్లకి జానెడు దూరంలో మెత్తగా ఆగింది.

"సక్కగా పట్టింది పిన్నీ, ఇంక లెగు" అన్నాడు.

లెగలేకపోయేను నాయనా. లారీ ఇంత సులువుగా ఆగుతాదని నాకు తెలీదు.

ఇది పైడమ్మ ఎడం బొటనేలి ముద్ర.
సూసినోళ్లు: లారీ ఆపిన సన్నాసి, బ్రేకు బిగించిన మేస్త్రీ ఎర్రయ్య.