కప్పులు కడిగిన టీచరమ్మ

ప్రియమైన అమ్మకి,

నీ చిన్నది నమస్కరించి రాస్తున్నది. "పూజ్యురాలైన" అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. మా సంఘంవాళ్ళు చూస్తే "పూజెక్కడిది?" అని పట్టుకుంటారు. ఈసారికి ప్రియమైనతో సరిపెట్టుకో. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అన్నయ్య, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదిన మీద అలగడం మానేశావని అన్నయ్య అన్నాడు గానీ నేను నమ్మలేదు.

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరాలేమిటని మళ్ళీ అడిగావు. ఫోన్లో చెప్పింది సగం నీకు వినపడదు, మిగతా సగం వదిన వింటుంది. అందుకే ఉత్తరం.

నీ ప్రశ్నలకి జవాబులు. బీపీ మాత్ర మానలేదు. కళ్ళజోడు మార్చాను, ఇప్పుడు సూదిలో దారం మొదటిసారికే ఎక్కుతోంది. ఆసుపత్రి కుట్టుగదిలోనే ఉన్నాను, ఇంకెక్కడికి పోతాను. కొత్త వాషింగ్ మిషన్ తెచ్చారు. అందులోంచి దుప్పట్లు ఎవరో నమిలి ఉమ్మేసినట్టు వస్తున్నాయి. ఆపరేషన్ గదిలో పరిచే ఆకుపచ్చ గుడ్డలు మాత్రం ఒక్కొక్కటే కిటికీకి అడ్డంపెట్టి చూడాలి. వెలుతురు ఎక్కడ కనపడితే అక్కడ చిల్లి ఉన్నట్టు. అక్కడ అతుకు వెయ్యాలి. రోజంతా ఆ పచ్చరంగు చూసి చూసి ఇంటికొచ్చేసరికి గోడలు కూడా పచ్చగా కనపడతాయి. నీరసంగా ఉందని రాశానని బెంగపడ్డావు. జబ్బేం లేదు, అలసట అంతే.

ఇక అసలు ప్రశ్న. "దేవుడు లేడని చెప్పుకోడానికి నెలనెలా కలవాలా? ఒకసారి చెప్పుకుంటే చాలదా?" అని రాశావు. చదివి చాలాసేపు నవ్వాను. మేం కలిసేది లేనివాడి గురించి కాదు, ఉన్నవాళ్ళ గురించి అని మా ఇంటి టీచరు చెబుతుండేది. ఆడదాన్ని ప్రేమించిన ఆడవాళ్ళం, మగవాణ్ణి ప్రేమించిన మగవాళ్ళు, ప్రార్థనలు జరిగే చోట మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఇళ్ళల్లో వంటింటిదాకా రానిచ్చి అక్కడ ఆపుతారు. కాస్త కూర్చుని టీ తాగి, ఎవరింట్లో ఎవరు చచ్చారో, ఎవరికి ఒంట్లో బాగాలేదో చెప్పుకునే చోటొకటి ఉండాలి కదా. దానికి గే, లెస్బియన్ మానవవాదుల సంఘం అని పేరుపెట్టింది టీచరే. నువ్వు "దేవుడులేని సంఘం" అంటావు. అదీ తప్పేం కాదు.

ఈ వారం ఆ సంఘం సంవత్సర నివేదిక రాస్తున్నాను. కార్యదర్శిని కదా, తప్పదు. నివేదికలో రాయలేనివి నీకు రాస్తున్నాను అనుకో.

మా సమావేశాలు ఒక డాన్సు క్లాసు గదిలో జరుగుతాయి. నాలుగు గోడలకీ అద్దాలే. వాటి పుణ్యమా అని పదిమందిమి వచ్చినా నిండు సభలా కనపడతాం. (ఈ "పుణ్యమా అని" కూడా అక్కడ అనకూడదు.) టీచరు పెట్టిన నియమం ఒకటుంది. సమావేశంలో ఎవరి నోటివెంట "దేవుడా" అని వచ్చినా, "దేవుడి దయవల్ల" అని వచ్చినా, ఆ పూట టీ కప్పులన్నీ వాళ్ళే కడగాలి. నోటికి అలవాటైన మాటలమ్మా, కాలికి దెబ్బ తగిలితే ఇంకేమంటాం? ఎక్కువసార్లు కడిగింది నేనే. టీచరు ఒక్కసారి కూడా దొరకలేదు. లెక్కల టీచరు కదా, నోరు కూడా లెక్కప్రకారమే విప్పుతుంది అని గడియారాలాయన ఏడిపిస్తుండేవాడు. గడియారాలు బాగుచేసే మా అధ్యక్షుడాయన. ఆయన జతగాడు వంటమాస్టరు. వాళ్ళ గురించి ముందే రాశాను.

ఏడాది మొదట్లో మా సంఘంలో ఉండే పోస్టుమాన్ పోయాడు. బంధువులెవరూ రాలేదు, సాగనంపింది మేమే. ఒక నిమిషం మౌనం పాటిద్దాం అన్నారెవరో. మౌనంగా నిలబడితే ప్రార్థన చేసినట్టే అవుతుందని ఇంకొకరు. అతని అద్దెగదిలో శవాన్ని ముందు పెట్టుకుని వాదించుకున్నాం, సిగ్గులేకుండా. చివరికి టీచరు, "బతికుండగా ఈ మనిషికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఇప్పుడు కొడదాం" అంది. నిలబడి చేతులు మండేదాకా కొట్టాం. పక్కగదివాళ్ళు వచ్చి, బహుమతి ఎవరికొచ్చిందని అడిగారు.

ఎండలు ముదిరాక గడియారాలాయనకీ వంటమాస్టరుకీ వేడుక చేశాం. కలిసి బతకడం మొదలుపెట్టి పాతికేళ్ళయిన సందర్భం. ఇన్నాళ్ళ తర్వాత పెళ్ళేమిటని వంటమాస్టరు సిగ్గుపడిపోయి, తన వంట తనే వడ్డిస్తానని గరిటె పట్టుకుని తిరిగాడు. పెళ్ళి పెద్ద టీచరే. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, వంటమాస్టరు వైపు చూసి, "ఈయనెవరు? ఈయన్నెందుకు పిలిచారు?" అంది. గదంతా నవ్వు. గడియారాలాయన కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. టీచరు వేళాకోళం అందరికీ తెలిసిందే కదా. ఆవిడ నా వైపు తిరిగింది. ఆ కళ్ళల్లో వేళాకోళం లేదు.

వానల్లో గ్రంథాలయంలో ఆవిడ ఉపన్యాసం పెట్టాం. బయటివాళ్ళు కూడా వచ్చారు. మంచితనానికి భయం అక్కర్లేదని, చూసేవాడు లేనప్పుడు చేసిన మంచే మంచని మొదలుపెట్టింది. ఎంత బాగా చెప్పిందో. ఆ తర్వాత మళ్ళీ మొదటికొచ్చి అదే చెప్పింది, మాట కూడా మారకుండా. మూడోసారి మొదలుపెట్టినప్పుడు నేను లేచి మంచినీళ్ళిచ్చాను. గుండెకి హత్తుకునేలా నొక్కి చెప్పారని జనం మెచ్చుకున్నారు. మంచి పేరు కూడా ఒక్కోసారి మనిషికి శత్రువే అమ్మా. ఏం చేసినా దాని ఖాతాలోకే పోతుంది.

పోయిన నెలలో వార్షిక సమావేశం. నివేదికలో ఎలా రాయాలో తెలియక ఆగిపోయింది ఇక్కడే. టీచరుకి మతబోధకుల గొంతులు అనుకరించడంలో మంచి పేరు. ముక్కుతో పాడేవాళ్ళు, కళ్ళు మూసుకుని ఊగేవాళ్ళు, అందరినీ దింపేసేది. ఆ రోజు చర్చ మధ్యలో, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడింది. చేతులు జోడించింది. కళ్ళు మూసుకుని, చిన్నపిల్ల గొంతుతో ప్రార్థన మొదలుపెట్టింది. రెండు వరసలు చెప్పి ఆగిపోయింది.

మావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదన్నారు. "టీచరు దొరికిపోయింది, కప్పులు కడగాల్సిందే" అని వంటమాస్టరు అరిచాడు. ఆవిడ తొట్టి దగ్గరికి వెళ్ళి, కొంగు దోపుకుని, కప్పులన్నీ ఒక్కొక్కటిగా కడిగింది. నేను తుడుస్తూ పక్కనే నిలబడ్డాను. చివరి కప్పు నా చేతికిస్తూ మెల్లిగా అడిగింది.

"నేనేం తప్పు చేశాను?"

కప్పు అందుకుని తుడిచాను. అద్దాల్లో ఎటు చూసినా మావాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నీ ఆఖరి ప్రశ్నకి ఇంతదాకా జవాబు రాయలేదు. ఉత్తరాల కింద టీచరమ్మ రెండు ముక్కలు రాసేది కదా, ఈమధ్య రావట్లేదు, నామీద కోపమొచ్చిందా అని అడిగావు. నువ్వూ ఆవిడా ఆ రెండు ముక్కల్లోనే ఏళ్ళతరబడి పోట్లాడుకున్నారు. "మీ దేవుడి అడ్రసు పంపండి, నేను కూడా రెండు ముక్కలు రాస్తాను" అని ఆవిడ రాస్తే, "ఆయనే నిన్ను వెతుక్కుంటూ వస్తాడు, ఇంటిపట్టున ఉండు" అని నువ్వు రాశావు. అది చదివి రోజంతా నవ్వింది. ఆవిడతో కలిసి ఉంటున్నానని మొదట్లో నన్ను గుమ్మం ఎక్కనివ్వనన్న దానివి, ఆవిడతో పోట్లాడటానికే కదా మళ్ళీ ఉత్తరాలు మొదలుపెట్టావు.

కోపం కాదమ్మా. ఆవిడకి ఇప్పుడు రాయడం రాదు. పెన్ను పట్టుకుంటుంది, అక్షరం ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియదు. మతిమరుపు జబ్బు. ఎండాకాలంలోనే మా ఆసుపత్రి డాక్టరు చెప్పేశాడు, తగ్గేది కాదని. "ఇక్కడ మేం బాగానే ఉన్నాం" అని నీకు అప్పటినుంచీ రాస్తూనే ఉన్నాను, ఇవాళ కూడా అలవాటుకొద్దీ రాశాను. సంఘంలో కూడా చెప్పలేదు. ఆవిడ పేరు మీద నడుస్తున్న సంఘం అది. నవ్వినవాళ్ళని నవ్వనిచ్చాను. నిజం చెబితే ఆ నవ్వు జాలిగా మారిపోతుందని భయం.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు ఆవిడ చాలా తెలివిగా ఉంది. నన్ను కూర్చోబెట్టి, ఎప్పుడూ పిలిచే పేరుతోనే పిలిచి చెప్పింది: "సూదీ, రేపు నా బుర్ర పాడైపోయి దేవుడా అన్నాననుకో. అది నేనన్నట్టు కాదు. నమ్మేవాళ్ళెవరైనా 'చూశావా, చివరికి దారికొచ్చింది' అంటే నువ్వు ఒప్పుకోకూడదు. మాటివ్వు." ఇచ్చాను. ఇన్నేళ్ళూ ఆ ఒక్క విషయంలో అందరితోనూ కలబడి నిలబడ్డ మనిషి. మాటివ్వకుండా ఎలా ఉంటాను?

ఇప్పుడు రోజూ పొద్దువాలేసరికి భయపడుతోంది. నేను పనినుంచి వచ్చేసరికి మంచం పక్కన నిలబడి ఉంటుంది. నన్ను అక్కా అంటుంది. వాళ్ళ పెద్దక్క ఎప్పుడో చిన్నప్పుడే పోయిందని విన్నాను. చేతులు జోడించి మొదలుపెడుతుంది.

"చీకటి పడ్డది, తలుపులు వేశాం,
మేం పడుకుంటాం, నువ్వు మేలుకో..."

అక్కడ ఆగి నా మొహంలోకి చూస్తుంది. "అక్కా, తర్వాతేంటి?" అంటుంది. నాకు తెలియదంటే మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అక్కడే ఆగుతుంది. అలా ఏడుపొచ్చేదాకా. మొదట్లో ఇచ్చిన మాట గుర్తుపెట్టుకుని మాట మార్చేదాన్ని, ఎక్కాలు చెప్పమనేదాన్ని. ఎక్కాలు గబగబా చెప్పేసి మళ్ళీ అదే అడుగుతుంది. ఒకరోజు కోప్పడ్డాను కూడా. నువ్వు ఇవన్నీ నమ్మవు కదా, ఎందుకు చంపుతావు అని అరిచాను. బెదిరిపోయి, చేతులు దించి వెనక్కి దాచుకుంది. పిల్లల్ని కొట్టబోతే దాచుకుంటారే, అలా.

గడియారాలాయన నిన్న ఇంటికొచ్చాడు. ఆ ప్రార్థన వేషం బ్రహ్మాండంగా పండింది, వచ్చే సమావేశంలో మళ్ళీ వేయించాలని అందరూ అడుగుతున్నారట. అప్పటికి పొద్దువాలుతోంది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. లోపలిగదిలోంచి ఆవిడ గొంతు వినపడింది, ఆయన గుమ్మందాకా వెళ్ళి చూశాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. "మేం చప్పట్లు కొట్టాం కదా" అన్నాడు. వెళ్ళేటప్పుడు, మాటిచ్చావు సరే, ఆ రెండు వరసల తర్వాత ఏముందో కనుక్కో అని చెప్పి వెళ్ళాడు. మా సంఘం అధ్యక్షుడు చెప్పిన మాట ఇది.

ఇక్కడ ఎవరికీ తెలియదమ్మా. నాలుగైదు పుస్తకాలు తిరగేశాను. దొరికినదొకటి చదివితే "అది కాదు" అని తల అడ్డంగా ఊపింది. ఆవిడ పుట్టిన ఊరూ నువ్వు పుట్టిన ఊరూ పక్కపక్కనే కదా, మాటల్ని బట్టి చూస్తే చిన్నప్పుడు రాత్రిళ్ళు నువ్వు మాకు చెప్పినదీ ఇదే. కానీ నాకూ ఆ రెండు వరసలే వచ్చు. నువ్వు చెబుతుంటే "నువ్వు మేలుకో" దగ్గరికి వచ్చేసరికి రోజూ నిద్రపోయేదాన్ని. నువ్వు పూర్తిచేసేదాకా ఒక్కనాడూ మేలుకుని లేను.

మిగతాది రాసి పంపు. ఒక్క మాట కూడా వదలకుండా, నువ్వు ఎక్కడ ఆగి ఊపిరి తీసుకునేదానివో అది కూడా రాయి. ఫోన్లో వద్దు, వదిన ముందు వద్దు. ఇచ్చిన మాట తప్పుతున్నానని తెలుసు. తప్పుతాను. మాట తీసుకున్నప్పటి ఆవిడ ఎలాగూ నన్ను అడగడానికి రాదు. పొద్దువాలితే ఎదురుగా నిలబడి అడిగేది ఈవిడ. నేనైతే నమ్మను, అందులో మార్పేం లేదు. కానీ ఆవిడ పక్కన నిలబడి చేతులు జోడించి మొత్తం చెబుతాను, ఆవిడ పడుకునేదాకా.

నువ్వు గెలిచావని మాత్రం రాయకు అమ్మా. నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాలి.

ఇట్లు,
నీ చిన్న కూతురు