పసుపు నీళ్లలో పళ్ల సెట్టు

ఆర్మూర్

బిడ్డా సుగుణా, అమ్మ చిగుళ్లు మానాయి, ఫికర్ చేయకు. ఫోన్లో చెబితే తను చిన్నబుచ్చుకుంటుందని కార్డు రాస్తున్నాను. పళ్ల డాక్టరు ఇచ్చిన కొత్త సెట్టును అమ్మ పసుపు నీళ్లలో నానబెట్టింది. "ఎవ్వరి నోట్లయో ఏమో, గట్లనే ఎట్ల పెట్టుకోవాలె?" అంది. తీసేసరికి పళ్లు పసుపుకొమ్ముల్లా పచ్చబడ్డాయి. "ఇవి నీకోసమే చేసినయి, అమ్మా" అని డాక్టరు నవ్వాడు. ఎంత తోమినా రంగు పూర్తిగా పోలేదు.

భివండీలో వానలు తగ్గాయా? ఇంట్లో పసుపు ఉందా, పట్టించి పంపనా? పిల్లలూ నువ్వూ చల్లగా ఉండండి. ఆదివారం వీడియో కాల్ చెయ్యి, పచ్చ పళ్లు చూసి నవ్వకు. పళ్లు పోయాక నిన్ను "హుగుణా" అనేది కదా, నిన్నటి నుంచి పెరట్లో ఒక్కతే కూర్చుని "సుగుణా, సుగుణా" అని పిలిచి చూసుకుంటోంది.

మీ బాపు,
ధర్మయ్య