బూట్ల బడి

సోమవారం, మధ్యాహ్నం
(పిల్ల పడుకుంది. నాకు గంట వ్యవధి.)

చిరంజీవి అబ్బాయికి,

అమ్మ ఆశీస్సులు. నీకు ఆయుష్షు, ఆరోగ్యం, కాస్త ఓపిక కలగాలని దీవిస్తున్నాను. మొదటి రెండూ అందరూ దీవించేవే. మూడోది నీకోసం ప్రత్యేకం.

నిన్న ఫోనులో నువ్వన్న మాటొకటి సరిదిద్దాలి. పిల్ల అలాంటి మాటలు ఆ ప్లేస్కూలు టీచరు దగ్గర కాక ఇంకెక్కడ నేర్చుకుంటుందమ్మా అన్నావు. ఆ టీచరు దగ్గర నేర్చుకోలేదు. ఫోనులో చెబుదామంటే ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు. కాగితమైతే మధ్యలో అడ్డు రాలేవు. రేపు సామాను కోసం వచ్చే మీ సైటు జీపు డ్రైవరు చేతికి ఇది ఇస్తాను.

జరిగిందేమిటో మరోసారి వరసగా చూసుకో. పోయిన బుధవారం నీ కూతురు గుమ్మం దగ్గర బూట్లన్నీ బారుగా కూర్చోబెట్టి బడి ఆట ఆడింది. నీ పాత బూటు అల్లరి చేసిందట. దాన్ని గోడకేసి తిప్పి, అక్కడే నిలబడు, నీ మొహం నాకు చూపించకు అంది. అప్పుడే పనినుంచి వచ్చిన కోడలు ముచ్చటపడి వీడియో తీసి నీకు పంపింది. నువ్వు అరనిమిషం వీడియో చూసి హెడ్ మేడమ్‌కి రెండు పేజీల ఫిర్యాదు రాశావు. కట్టడాలు కట్టించేవాడివి, పునాది చూడకుండా మూడంతస్తులు లేపావు. ఈ శుక్రవారం మీటింగట. ఆ టీచరమ్మాయి ఉద్యోగం ఉండేదీ ఊడేదీ ఆ రోజు తేలుస్తారు.

అందుకే మొన్న గురువారం, శుక్రవారం వెళ్ళి ఆ క్లాసులో వెనకాల కూర్చున్నాను. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఇంకొకరి క్లాసులో తప్పులు పట్టడం నాకు కందిపప్పులో రాళ్ళు ఏరినంత సులువు.

ఒకడు చెక్క బ్లాకులు విసరడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి అరవలేదు. వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బ్లాకులు కట్టుకోవడానికి నాన్నా, విసరాలనుంటే బంతి ఇస్తాను అంది. వాడు కాసేపు లోకం భారమంతా మోసినట్టు ఆలోచించి, బంతి తీసుకున్నాడు. పరిగెత్తే పిల్లని పరిగెత్తకు అనదు, మెల్లగా నడిచిరా తల్లీ అంటుంది. చెయ్యకూడనిది కాదు, చెయ్యవలసింది చెబుతుంది. ఇంత తీరిక ఎవరికుందని నాకు ఒళ్ళు మండింది. తీరా చూస్తే నేను అరిచి, బెదిరించి, మళ్ళీ అరిచేదానికంటే తక్కువ సమయమే పట్టింది.

ఒకే బాతు పుస్తకం నాలుగుసార్లు చదివింది. చదవడమూ కాదు, పేజీ పేజీకీ ఆగి, ఇప్పుడీ బాతు ఎక్కడికెళ్తుందంటారు అని అడుగుతుంది. ఒకడు బజారుకన్నాడు, ఒకతి డాక్టరు దగ్గరికంది. ఒక్కరికీ తప్పు అనలేదు. లెక్కల టీచరుకి ఇంతకంటే శిక్ష లేదు. అయితే ఇంట్లో అడిగితేగాని నోరు విప్పని నీ కూతురు లేచి నిలబడి, బాతు దారి తప్పింది, అందుకే దానికి కోపమొచ్చింది అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నేను విన్నాను.

మరి నువ్వేం చేశావు? పాటలు పాడే రైలు కొన్నావు. మీట నొక్కితే అదే పరిగెడుతుంది, అదే పాడుతుంది, అదే దీపాలు వెలిగించుకుంటుంది. ఆటంతా అదే ఆడేస్తే పిల్ల ఏం చెయ్యాలి, టిక్కెట్టు కొనుక్కుని చూడాలా? రెండోరోజుకే దాని అట్టపెట్టెలో ఎక్కి కూర్చుని పడవ చేసుకుంది. రైలు మంచం కింద బ్యాటరీ అయిపోయేదాకా పాడి ఊరుకుంది.

బొమ్మల పుస్తకాలు నలుగుతాయని పై అరలో పెట్టించావు. ఒడ్డున నిలబెట్టి ఈత నేర్పినట్టుంది. నేను కిందికి దించాను. రెండు చిరిగాయి, అతికించాను. ఇక నీ ఫోను. అన్నం తిన్నావా, అల్లరి చేశావా, బుద్ధిగా ఉండు. తనిఖీకొచ్చిన అధికారి కూడా నాలుగో ప్రశ్న అడుగుతాడురా. ఈసారి ఏం ఆట ఆడావని అడిగి, ఆ తరవాత నువ్వు నోరు మూసుకో.

నీ మీద విసుగూ ప్రేమా పోటాపోటీగా ఉన్న
మీ అమ్మ

తా.క. (మంగళవారం. జీపు ఇంకా రాలేదు.) కవరు అంటించి మళ్ళీ విప్పాను. టీచరు తప్పు లేదని ఇంత రాశానుగాని, ఎవరిదో రాయలేదు.

ఆ మాట నాది. పోయిన మంగళవారం పిల్ల నా మాత్రల డబ్బా నేలమీద ఒంపి, మాత్రలతో ఇల్లు కడుతోంది. నోట్లో ఎన్ని వేసుకుందోనని నా పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్కటీ వేసుకోలేదు. భయం తీరగానే కోపమొచ్చింది. గోడకేసి నిలబెట్టి, ముప్ఫయ్యేళ్ళు క్లాసులో అన్న మాటే అన్నాను. పది నిమిషాలు నిలబడింది. ఏడవలేదు. మర్నాడు బూట్ల బడి పెట్టింది. కోడలు వీడియో ఆపేశాక జరిగింది నేను చూశాను. నేలమీద బోర్లా పడుకుని, ఆ బూటుకి మొహం ఆనించి, భయమేసిందా, నేనున్నాగా అంది. అది నేర్పింది ఆ టీచరు.

ఆ అమ్మాయిలో తప్పు దొరికితే నాది కనబడదని వెళ్ళాను. దొరకలేదు.

చిన్నప్పుడు నువ్వూ ఆ మాట విన్నవాడివే. వీడియోలో దాన్ని పోల్చుకోలేదో, పోల్చుకునే టీచరు మీదికి నెట్టావో అడగను. పొద్దున కోడలికి చెప్పాను. మాత్రల డబ్బా బీరువా పైకెక్కించి పనికి వెళ్ళింది. ఏదైనా అనుంటే బాగుండేది. హెడ్ మేడమ్‌కీ చెప్పాను. ఫిర్యాదు రాసినవాళ్ళే వెనక్కి తీసుకుంటున్నట్టు రాసివ్వాలంది. జీపు గురువారం మళ్ళీ వస్తుందట, దాన్లో ఆ కాగితం సంతకం పెట్టి పంపు. కారణం దగ్గర, ఆ మాట అన్నది మా అమ్మ అని రాయి.

దాంతోపాటు మీ సైటు వడ్రంగి చేత జానెడు ఎత్తు పీట ఒకటి చేయించు. ఆ అమ్మాయిలా పిల్ల ముందు కూర్చుందామంటే నా మోకాళ్ళు నేలదాకా వంగవు. నాలుగు కాళ్ళూ సమంగా ఉన్నాయో లేదో నువ్వే కూర్చుని చూడు. అంచులు చిత్రిక పట్టించడం మరిచిపోకు.