గ్లైడర్ పెట్టె, నీ మిస్డ్ కాల్

బావా,

దుబాయి నుంచి నీ శవం కోరుట్లకచ్చి ఇయ్యాల్టికి రెండేండ్లు. నీతోని పనిచేసిన మెట్‌పల్లి సలీమన్న పొద్దుగాల మనింటికి అచ్చిండు.

దుబాయి క్లబ్బుల నువ్వు రెక్క పట్టుకొని ఉరికి పైకి లేపే గ్లైడర్లు, గా గాలిల తేలే చిన్న విమానాలు లేవా, గవాటికి గిప్పుడు ఒక పెట్టె పెట్టిన్రట, సలీమన్న చెప్పిండు. ఇంజను లేదు, సప్పుడు లేదు, పెద్ద విమానమోళ్ల కండ్లకు ఆనవని నువ్వు ఫోన్ల భయపడేటోనివి. పెద్ద విమానం దగ్గరికస్తే గా పెట్టె "నేనిక్కడున్న" అని జవాబిస్తదట, విమానం పక్కకు తప్పుకుంటదట.

నువ్వు గూడ రోజు డ్యూటీ దిగంగనే మిస్డ్ కాల్ ఇస్తుంటివి. ఎత్తొద్దని నువ్వే చెప్పినవ్. మోగితే నువ్వు మంచిగున్నట్టు. ఆఖరికి మూడు దినాలు మోగలే. నీ ఫోన్ల బ్యాలెన్స్ అయిపోయిందేమో అనుకున్న.

సలీమన్న ఛాయ్ గ్లాసు కింద పెట్టిండు. "ఇన్ని దినాలు నీకు చెప్పలే చెల్లె. జరమొచ్చి మీ ఆయన రూముల ఒక్కడే పడున్నడు. మేమంత వేరే గ్లైడర్ల మైదానానికి డ్యూటీకి పోయినం. మూడో దినం దాక పానమున్నదని డాక్టరు చెప్పిండు."

పెట్టె పలుకకుంటే గ్లైడర్‌ను నేల నుంచి లేవనియ్యరట బావా. నీ ఫోను పలుకకుంటే నేను మూడు దినాలు బీడీలు చుట్టుకుంట కూసున్న.